తమ్ముడి ఎడమ చెయ్యి

మా తమ్ముడికి వాచీ ఏ చేతికి పెట్టుకోవాలో నేర్పింది నేను. వాడికప్పుడు ఇరవై రెండేళ్ళు. నాకు ఆశ్రమ పాఠశాలలో టీచరు ఉద్యోగం వచ్చిన కొత్త. మొదటి జీతం అందిన వారం అరకులోయ సంతకి వెళ్ళాను. కింది ఊళ్ళ నుంచి వచ్చి బస్టాండు పక్కన కొట్టు పెట్టుకున్న షావుకారి దగ్గర వాడి కోసం ఒక వాచీ కొన్నాను. నల్ల తోలు పట్టీ, తెల్లటి డయలు, దూరం నుంచి కూడా కనిపించే పెద్ద అంకెలు. వాడు ఆ రోజు పసుపు అమ్మడానికి సంతకి వచ్చాడు. ఖాళీ బస్తా మడిచి చంకలో పెట్టుకుని టీ కొట్టు దగ్గర నా కోసం నిలబడ్డాడు. పెట్టె తెరిచి ఇస్తే చాలాసేపు చూశాడు. తర్వాత ఎడమ చేత్తో దాన్ని తీసి, కుడి మణికట్టుకి చుట్టి, చూస్తుండగానే పట్టీ బిగించేశాడు.

నేను నవ్వాను.

“అలా కాదురా. వాచీ ఎడం సేతికి ఎట్టుకుంటారు. కుడి సేతికి ఎట్టుకుంటే జనం నవ్వుతారు.”

వాడు విప్పేసి ఎడమ చేతికి పెట్టుకోబోయాడు. కుడి చేతి వేళ్ళకి ఆ చిన్న బకిలు లొంగలేదు. రెండు మూడు సార్లు జారిపోయింది. చివరికి నేనే పట్టీ లాగి బిగించాను. ఆ రోజు నుంచి వాడు వాచీ ఎడమ చేతికే పెట్టుకున్నాడు. పెళ్ళి ఫోటోలో కూడా అది ఎడమ మణికట్టు మీదే కనిపిస్తుంది.

మా తమ్ముడిది పుర్రచెయ్యి. నడక వచ్చినప్పటి నుంచీ అంతే. ఏది అందుకున్నా ఎడమ చేత్తోనే అందుకునేవాడు. తిండి దగ్గర అమ్మ ఆ చేతి మీద కొట్టి కొట్టి కుడి చేత్తో తినడం అలవాటు చేసింది. ఊరి బడిలో మాస్టారు బెత్తంతో కణుపుల మీద కొట్టి కుడి చేత్తో రాయడం అలవాటు చేశాడు. పని మాత్రం ఎడమ చేతిలోనే ఉండిపోయింది. కత్తి, కొడవలి, గొడ్డలి, నాగలి మేడి అన్నీ ఆ చేతివే. పని దగ్గర వాడి చెయ్యి పట్టుకుని మార్చినవాళ్ళు ఎవరూ లేరు. పని అయితే చాలని అనుకున్నారేమో.

నాన్న పోయినప్పుడు వాడు ఏడో తరగతి. నేను హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాను. కొండ మీద ఎవరో ఒకరు ఉండాలి. వాడు ఉన్నాడు, నేను చదువుకున్నాను. దీని గురించి మా ఇంట్లో ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు. వాడు బడి మానేసిన రోజు కూడా నాకు సరిగ్గా తెలియదు. సెలవులకి వచ్చేసరికి వాడి పలక పుస్తకాలు అటక మీద ఉన్నాయి, వాడు చోడి చేలో, అంటే రాగి చేలో, ఉన్నాడు.

నన్ను అప్పా అని పిలిచేవాడు. మా వైపు అక్కని అలాగే అంటారు. వాడు తక్కువ మాట్లాడే మనిషి. పట్టా పుస్తకం పని మీద మండల ఆఫీసుకి వెళ్ళినా, బ్యాంకుకి వెళ్ళినా, కాఫీ మొక్కలు ఇచ్చే ఆఫీసుకి వెళ్ళినా మాట్లాడేది నేనే. వాడు నా వెనక నిలబడేవాడు. ఆఫీసరు వాడినే అడిగినా వాడు నా వైపు చూసేవాడు, నేను జవాబు చెప్పేదాన్ని. నాకు అది బాగుండేది. నా చదువు ఇంటికి ఇలాగైనా పనికొస్తోందని అనుకునేదాన్ని.

కొండవాలున మాకు కొంచెం కాఫీ తోట ఉంది. నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి ఉంటాయి. వాటి కింద కాఫీ. ఆ తోటంతా వాడు పెంచిందే. వాచీ పెట్టుకున్న చెయ్యీ, కత్తి పట్టే చెయ్యీ ఒకటే కావడం వల్ల రెండు నెలల్లోనే వాచీ అద్దం రాయికి తగిలి పగిలింది. మార్పించాడు. మళ్ళీ గీతలు పడ్డాయి. తర్వాత పనిలోకి దిగే ముందు విప్పి కాఫీ కొమ్మకి తగిలించేవాడు. ఒకట్రెండు సార్లు మరిచిపోయి ఇంటికొస్తే మరదలు వెళ్ళి మొక్క మొక్కా వెతుక్కుని తెచ్చింది. కుడి చేతికి పెట్టుకుంటే ఈ బాధ ఉండదని మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. తోచినా వాడు నాతో అనలేదు.

వాడికి ముప్ఫై అయిదు దాటాక కాళ్ళు వాచడం మొదలైంది. చలికాలం పొద్దున్నే మొహం ఉబ్బి ఉండేది. అన్నం సయించేది కాదు. మరదలు ఊళ్ళో దిసారిని పిలిపించింది. శకునాలు చూసి రోగాలకి విరుగుడు చెప్పే పెద్దమనిషి ఆయన. కొండదేవతకి కోడిని ఇవ్వమన్నాడు, ఇచ్చారు. నేను ఆ మాట విని మరదలిని కోప్పడ్డాను. నేను మాత్రం ఏం చేశాను? పచ్చకామెర్లని నాకు నేనే తేల్చుకుని, బడి దగ్గర ఒకాయన ఇచ్చే పసరు మందు పంపించాను. ఇలా మేమిద్దరం కలిసి మూడు నెలలు పోగొట్టాం.

ఒక ఉదయం వాడు మంచం మీద పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చుని ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడని మరదలు ఫోన్ చేసింది. ఊరి నుంచి తారు రోడ్డుకి రెండు కిలోమీటర్లు. నలుగురు మనుషులు దుప్పటి డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. అరకు ఆసుపత్రిలో రక్తం చూసి, ఇక్కడ కాదని అంబులెన్స్‌లో విశాఖ పంపించారు. అక్కడ ఒక ఆసుపత్రిలో చెప్పారు, రెండు కిడ్నీలూ పోయాయని. బీపీ ఎప్పటి నుంచో ఉండి ఉంటుందన్నారు. వాడి బీపీ అంతకు ముందు ఎవరూ చూడలేదు. మెడలో గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెట్టారు. వాడి రక్తం గొట్టంలోంచి బయటికి వెళ్ళి, యంత్రంలో తిరిగి, మళ్ళీ లోపలికి వచ్చేది. నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ వాడు యంత్రం వైపు చూడలేదు. ఎడమ చేతికున్న వాచీ వైపే చూశాడు.

మెడ గొట్టం ఎక్కువ రోజులు ఉంచితే చీము పడుతుందట. చేతికి ఫిస్టులా చెయ్యాలన్నారు. మణికట్టు దగ్గర రెండు రక్తనాళాలని కలిపి కుడతారు. కొన్ని వారాలకి పై నరం లావెక్కుతుంది. తర్వాత డయాలసిస్ సూదులు అందులో గుచ్చుతారు. ఇక ఆ చేత్తో బరువులు మొయ్యకూడదు. అందుకని పని చెయ్యని చేతికే చేస్తారు.

ఈ చివరి మాట నాకు ఆ రోజు తెలియదు. ఆపరేషన్‌కి రాసే గది ముందు జనం బారులు తీరి ఉన్నారు. మేం లోపలికి వెళ్ళేసరికి నా ఫోన్ మోగింది. మా హెడ్‌మిస్ట్రెస్. సెలవు ఎన్ని రోజులు కావాలో ఇప్పుడే చెప్పమంటోంది. ఫోన్ చెవి దగ్గరే ఉంది. చిన్న డాక్టరు, మా బడిలో కొత్తగా చేరే టీచర్ల వయసు ఉంటుంది, తమ్ముడి చేతులు రెండూ బల్ల మీద పెట్టించి నరాలు నొక్కి చూశాడు.

“ఏ చేత్తో రాస్తావు?”

“కుడి సేత్తో,” అన్నాడు తమ్ముడు. అది నిజమే.

డాక్టరు ఎడమ మణికట్టు మీద వాచీ చూశాడు. నా వైపు తిరిగాడు.

“కుడి చేతి వాటమే కదమ్మా?”

నేను ఫోన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టి, “అవునండి,” అన్నాను.

ఆయన ఫైల్లో రాసుకున్నాడు. పెన్నుతో ఎడమ ముంజేతి మీద గీత గీశాడు. తమ్ముడు ఒకసారి తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపు నాకు బాగా గుర్తుంది. కోతకి భయపడుతున్నాడనుకుని భుజం తట్టాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. మరిచిపోయి కూడా చెప్పలేదు. బడిపంతులమ్మని కదా, చెయ్యంటే నా మనసులో రాసే చెయ్యే. వాడు గొడ్డలి పట్టిన చెయ్యి ఏదో ముప్ఫై ఏళ్ళు చూసి కూడా ఆ క్షణంలో నా కళ్ళ ముందుకి రాలేదు.

ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళే ముందు నర్సు వాచీ విప్పి నా చేతిలో పెట్టింది. మర్నాడు కట్టు మార్చడానికి వచ్చి జాగ్రత్తలు చెప్పింది. ఈ చేతికి బీపీ పట్టీ వెయ్యనివ్వకూడదు. ఇంజెక్షన్ చెయ్యనివ్వకూడదు. దీని మీద పడుకోకూడదు. బిందె ఎత్తకూడదు, గొడ్డలి పట్టకూడదు. వాచీ ఇక ఈ చేతికి పెట్టనే పెట్టకూడదు.

తమ్ముడు అంతా విన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

“నాను పని సేసీది ఈ సేత్తోనేనమ్మా.”

నర్సు ఆగిపోయింది. ఫైలు తిరగేసింది. “రైట్ హ్యాండ్ అని రాసుంది. ఎవరు చెప్పారు?” అంది.

ఆవిడ మా ఇద్దరి మొహాలూ చూసింది. మంచి మనిషి, ఇంకేమీ అడగలేదు. కాసేపటికి ఏదో ఒకటి చెప్పాలి కనక, కుడి చేత్తో పని చెయ్యడం మెల్లగా అలవాటు చేసుకోవాలని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. వాడు కుడి చెయ్యి నా వైపు చాపాడు. నేను వాచీ తీసి ఆ చేతికి కట్టాను. సంతలో మొదటిసారి వాడు పెట్టుకున్న చోటే. ఆ సంగతి వాడికీ గుర్తొచ్చే ఉంటుంది. మేం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఇంటికొచ్చాక డాక్టర్లు చెప్పినట్టు ఎడమ చేత్తో రబ్బరు బంతి నొక్కుతూ అరుగు మీద కూర్చునేవాడు. కొన్ని వారాలకి చేతి మీద నరం తాడులా ఉబ్బింది. దాని మీద వేలు పెడితే లోపల జుయ్యిమని కదిలేది. చెవి పెడితే తేనెపట్టులో మోతలా వినిపించేది. రోజూ పొద్దున్నే ఆ మోత ఉందో లేదో చూసుకోవాలన్నారు. వాడు లేవగానే మణికట్టు చెవి దగ్గర పెట్టుకునేవాడు. వాళ్ళకి ఒక్క గుంట, మా వైపు ఆడపిల్లని అలా అంటారు, నా బడిలోనే హాస్టల్లో ఉండి ఆరో తరగతి చదువుతోంది. సెలవు రోజున వస్తే అది కూడా నాన్న చేతికి చెవి ఆనించి వినేది. దానికి అదొక వింత.

వారానికి రెండు రోజులు కిందకి, విశాఖకి వెళ్ళాలి. తారు రోడ్డు దాకా నడక, అక్కడ మొదటి బస్సు, ఘాట్ మలుపుల్లో వాంతులు, నాలుగు గంటలు యంత్రం, మళ్ళీ బస్సు. ఇంటికి చేరేసరికి చీకటి పడేది. మర్నాడు మంచం మీద నుంచి లేవలేకపోయేవాడు. ఆ తర్వాతి రోజు కొంచెం తేరుకునేవాడు. మూడో రోజు మళ్ళీ ప్రయాణం. రోజుకి లీటరు నీళ్ళకి మించి తాగకూడదు. అంబలి కూడా లెక్కలోకే వస్తుంది. జీలుగు చెట్టు కల్లు అసలే కూడదు. అరటిపండు కూడదు, చింతపండు పులుసు కూడదు. వాడు అన్నీ ఒప్పుకున్నాడు. ఒక్క పని సంగతే ఒప్పుకోలేకపోయాడు.

కుడి చేత్తో కొడవలి పట్టి చూశాడు. రెండో రోజే అది జారి ఎడమ కాలి పిక్క మీద దిగింది. డయాలసిస్‌లో రక్తం పలచబడే మందు ఇస్తారు కనక ఆ రక్తం ఒక పట్టాన ఆగలేదు. మళ్ళీ చలికాలం వచ్చి కాఫీ పండాక కుడి చేత్తో పళ్ళు కోశాడు. మరదలు బుట్ట నింపేసరికి వాడు అడుగు కూడా నింపలేదు. ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి సాయం పట్టారు. మా ఊళ్ళో ఒకరి చేలో ఒకరు పని చేస్తారు. ఈ రోజు నువ్వు నాకు, రేపు నేను నీకు. వాడు ఎవరికీ తిరిగి చెయ్యలేడు. వాళ్ళు వచ్చిన రోజు వాడు తోటలోకి వెళ్ళేవాడు కాదు. ఇంటి వెనక కూర్చుని బంతి నొక్కుతూ ఉండేవాడు.

మాఘం దాటాక మిరియాలు పండాయి. వాటిని కొయ్యాలంటే ఒంటి వెదురు నిచ్చెన సిల్వర్ ఓక్ చెట్టుకి కట్టి, పైదాకా ఎక్కి, ఒక చేత్తో చెట్టు పట్టుకుని రెండో చేత్తో గుత్తులు తెంపాలి. మా తోటలో ఆ పని వాడొక్కడిదే. ఆ రోజు మరదలు సంతకి వెళ్ళింది. వాడు నిచ్చెన భుజాన వేసుకుని తోటలోకి వెళ్ళి మూడు చెట్లు ఎక్కాడు. మొదటి చెట్టు కుడి చేత్తో కోశాడట. తర్వాత తెలియకుండానే ఎడమ చేతికి మారిపోయిందట. ఈ మాట తర్వాత వాడే నాకు చెప్పాడు. దిగేసరికి చెయ్యి మోచేతి దాకా ఉబ్బింది. మర్నాడు పొద్దున్న మణికట్టు చెవి దగ్గర పెట్టుకుంటే ఏమీ వినిపించలేదు.

ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. తర్వాతి రోజూ చెప్పలేదు. మరదలు తిడుతుందని కాదు, తోట పని తన నుంచి మొత్తంగా లాగేసుకుంటారని భయం. డయాలసిస్ రోజు విశాఖలో బస్సు దిగాక నాకు ఫోన్ చేశాడు.

“అప్పా, మోత నేదు.”

నేను తరగతిలో ఉన్నాను. పిల్లలు ఎక్కాలు చెబుతున్నారు. బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను. ఎన్నాళ్ళయిందని అడిగితే చెప్పాడు. అదే రోజు చెప్పి ఉంటే మందుతోనో చిన్న కోతతోనో తెరవడానికి వీలుండేదట. అంత ఆలస్యం అయ్యాక లోపల గడ్డ గట్టిపడిపోతుంది. వాడి చేతిలో గట్టిపడిపోయింది.

నేను సెలవు పెట్టి విశాఖ వెళ్ళాను. ఈసారి చూసిన డాక్టరు పెద్దాయన. బరువు పనులు వద్దని చెప్పినా ఎందుకు చేశావని తమ్ముడిని గట్టిగా మందలించాడు. వాడు తల దించుకుని నిలబడ్డాడు. నేను చెప్పాను, వాడిది ఎడమచేతి వాటం అని. ఆయన అద్దాలు తీసి నన్ను చూశాడు.

“మరి ముందే చెప్పాలి కదమ్మా.”

ఆయన మెత్తగానే అన్నాడు. నాకు మాత్రం ఆ గదిలో నిలబడ్డ చోటు గుర్తుండిపోయింది. గోడకి నీలం రంగు, బల్ల మీద ప్లాస్టిక్ కిడ్నీ బొమ్మ, కిటికీ అవతల ఆరేసిన ఆకుపచ్చ దుప్పట్లు.

మళ్ళీ మెడలో గొట్టం వేశారు. కుడి చేతికి ఇంకో ఫిస్టులా చేశారు. ఆ చేతి నరాలు సన్నంగా ఉన్నాయని, నిలబడుతుందో లేదో చెప్పలేమని ముందే అన్నారు. కట్టు కట్టిన కుడి చెయ్యి దిండు మీద పెట్టుకుని వార్డులో పడుకున్నాడు. వాచీ నా సంచిలో ఉంది. కావాలని అడిగాడు. ఇక ఎడమ చెయ్యి ఒక్కటే మిగిలింది. దాంట్లో కుట్టిన నరం చచ్చిపోయింది కనక ఇప్పుడు వాచీ పెట్టుకున్నా నష్టం లేదు. నేను కట్టాను.

“నువ్వు సెప్పిన సేతికే వొచ్చీసింది,” అన్నాడు.

నవ్వుతూ అనలేదు, కోపంతోనూ అనలేదు. నేను సంచి సర్దుతున్నట్టు కిందికి వంగాను.

కుడి చేతి నరం లావెక్కలేదు. రెండు నెలలు గడిచినా మోత సన్నగా, చెవి బాగా నొక్కిపెడితే తప్ప వినిపించేది కాదు. డయాలసిస్ మెడ గొట్టంతోనే సాగింది. వర్షాలు మొదలయ్యాయి. ఒకసారి వరసగా నాలుగు రోజులు ముసురు పట్టి ఘాట్‌లో కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది. బస్సులు ఆగిపోయాయి. పట్టాల మీద కూడా మట్టి పడి రైలు లేదు. వాడికి ఒక డయాలసిస్ తప్పిపోయింది. గోడకి ఆనుకుని కూర్చుని ఊపిరాడక ఆ రోజులు గడిపాడు. దానికి తోడు మెడ గొట్టం దగ్గర ఎర్రబడి జ్వరం వచ్చింది. రోడ్డు తెరిచిన రోజు తీసుకెళ్ళి వారం ఆసుపత్రిలో ఉంచాం. జ్వరం తగ్గింది. కానీ ఇంటికొచ్చిన మనిషి వెళ్ళిన మనిషిలా లేడు. నలభై కిలోలు కూడా ఉండి ఉండడు.

ఆ ఆదివారం నేను ఊరికి వెళ్ళాను. వాన తెరిపిచ్చింది. వాడు పొయ్యి దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. మరదలు చోళ్ళు చెరుగుతోంది.

“ఇంక నాను కిందకి రాను అప్పా,” అన్నాడు.

“రాకపోతే ఏటి సేత్తావు?”

“ఇంటికాడుంటాను.”

ఎన్నాళ్ళు ఉంటావో తెలుసా అని నేను అడగలేదు. ఆ సంగతి ఆసుపత్రిలో పక్క మంచాల వాళ్ళని చూసి వాడికి నాకన్నా బాగా తెలుసు. మరదలు చేట కింద పెట్టి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. “నువ్వు సెప్పు వదినా. నువ్వు సెప్తే ఇంటాడు,” అంది.

నిజమే, వింటాడు. నేను గట్టిగా ఒక్క మాట అంటే మంగళవారం మొదటి బస్సుకి లేచి వస్తాడు. నాకు ఆ మాట రాలేదు. వాడి తరఫున నేను చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. బదులుగా వేరే మాట చెప్పాను.

“ఆ రోజు డాక్టరు అడిగినప్పుడు నాను తప్పు సెప్పినాను.”

“తెలుసు.”

“నువ్వైనా సెప్పొచ్చు కదరా.”

వాడు పొయ్యిలో పుల్ల ఒకటి లోపలికి తోశాడు.

“నువ్వు సెప్పీసినాక నాకు మాట రాదు అప్పా. సిన్నప్పట్నుంచీ అంతే.”

పరవాలేదని వాడు అనలేదు. నేను క్షమించమని అడగలేదు. మరదలు లేచి వెళ్ళి మళ్ళీ చేట అందుకుంది. నేను ఆ పూట అక్కడే తిన్నాను. వాడు చింతపండు పులుసు అడిగి పోయించుకున్నాడు. ఎన్నో నెలల తర్వాత కడుపునిండా అంబలి తాగాడు.

తర్వాత తొమ్మిది రోజులు బతికాడు. బడికి సెలవు పెట్టి గుంటని తీసుకుని వచ్చేశాను. మొదటి మూడు రోజులు బాగానే మాట్లాడాడు. ఏ చెట్టు కొమ్మలు నరకాలో, ఏ మొక్కలు తీసేసి కొత్తవి వెయ్యాలో మరదలికి చెప్పాడు. తర్వాత మగత కమ్మింది. చివరి రెండు రోజులు మమ్మల్ని గుర్తుపట్టలేదు. మధ్యాహ్నం వాన కురుస్తుండగా పోయాడు. గుంట మరదలి ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోతోంది. లేపాలా వద్దా అని మేం కాసేపు ఒకరినొకరం చూసుకున్నాం.

ఊళ్ళో మగవాళ్ళు వచ్చి స్నానం చేయించారు. కొత్త పంచె కట్టారు. మెడ గొట్టం చుట్టూ ఉన్న ప్లాస్టరు ఊడదీయడానికి ఎవరికీ చేతులు రాలేదు, అలాగే ఉంచారు. మరదలు వాచీ తీసుకుని నా దగ్గరికి వచ్చింది.

“ఏ సేతికి ఎట్టమంటావు వదినా?”

ఆమెకి ఆ సంగతులన్నీ తెలుసు. అయినా నన్ను దెప్పడానికి అడగలేదు. ఇంట్లో ఏదైనా నన్ను అడిగి చెయ్యడం అలవాటు కనక అడిగింది. నేను నోరు తెరవలేకపోయాను. ఆమె కొంతసేపు చూసి, శవం దగ్గరికి వెళ్ళి ఎడమ చెయ్యి పైకెత్తింది. మణికట్టు దగ్గర కోత మచ్చ మీద వేలు పెట్టి చూసింది. ఆ చెయ్యి దించేసి, వాచీ తన కొంగుకి ముడి వేసుకుంది. పెద్దలు ఆలస్యం అవుతోందన్నారు. కొండవాలున మా నాన్న పక్కనే గొయ్యి తీశారు. తడి మట్టి పారకి అంటుకుని ఒక పట్టాన రాలేదు.

వాడు పోయిన పదకొండో రోజున, నేను బడిలో ఉండగా విశాఖ నుంచి ఫోన్ వచ్చింది. ఫైల్లో నా నెంబరే ఉంది. పేషెంటు దాదాపు మూడు వారాలుగా రావడం లేదు, ఈ మంగళవారం వస్తున్నారా అని ఒక అమ్మాయి అడిగింది. చెప్పాను. అయ్యో అంది. కాస్త ఆగి, ఆ సమయం ఇంకొకరికి ఇవ్వమంటారా అని మర్యాదగా అడిగింది. చాలామంది ఎదురు చూస్తున్నారట. ఇవ్వమన్నాను.

చలికాలం వచ్చింది, కాఫీ పండింది. నేను పది రోజులు సెలవు పెట్టి ఊరికి వెళ్ళాను. పదిహేనేళ్ళుగా చాక్‌పీసు తప్ప ఏమీ పట్టని చేతులు నావి. మొదటి రోజు సాయంత్రానికి గోళ్ళ చుట్టూ చీలి నెత్తురొచ్చింది. మరదలు నా పక్క వరసలో కోసేది. ఆమె నడుముకి కట్టిన బుట్ట రెండుసార్లు నిండితే నాది ఒకసారి నిండేది. మేం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. గుంట చదువు, వాన, పక్క ఊళ్ళో పెళ్ళి, ఇలాంటివే.

ఆరో రోజు అనుకుంటాను, మంచు విడిచి ఎండ వచ్చింది. ఆమె కొమ్మ వంచి కోస్తూ, నా వైపు చూడకుండానే అంది.

“ఆ ఆదోరం నువ్వు ఒక్క మాట గట్టిగా అంటే ఎల్లీవోడు వదినా. ఇంకో ఏడైనా ఉండీవోడు.”

నేను చేతిలో ఉన్న పళ్ళు బుట్టలో వేశాను. ఆసుపత్రిలో మాట్లాడాను, ఆ ఆదివారం మాట్లాడలేదు. రెండింటికీ మూల్యం వాడే చెల్లించాడు. ఆమె కొమ్మ వదిలేసి తర్వాతి మొక్క దగ్గరికి వెళ్ళింది. కాసేపటికి నేనూ వెళ్ళాను. ఇద్దరం ఆ వరస పూర్తి చేశాం.

పళ్ళన్నీ పరదాల మీద ఆరబోసి, మిగతా సెలవు రోజులు ఉండి బడికి వచ్చేశాను. మిరియాలు ఆ ఏడు కొయ్యలేదు. పిలిస్తే ఎక్కేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. మరదలు పిలవనివ్వలేదు. తీగల మీదే ఎర్రగా పండి, పిట్టలు తిన్నవి తినగా మిగిలినవి కింద కాఫీ మొక్కల మీద రాలిపోయాయి.